పారేయడానికి కొన్ని వాక్యాలు

‘పారేయు’ అనే క్రియకు వాక్యాలు రాసి పంపమని సంపాదకుడు ఫోన్ చేసిన రోజే చిన్నకోడలి బల్ల మీద ఎర్ర చుక్క పడింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఉందంటే కథలా ఉంటుంది కాబట్టి లేదనే అనుకుందాం.

సంపాదకుడుగారిది నిఘంటువుల ఆఫీసు. భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, ఏ క్రియని ఎలా వాడాలో వాక్యాలతో సహా చూపించే పెద్ద పుస్తకం ఒకటి అక్కడ తయారవుతోంది. చాలాకాలంగా తయారవుతూనే ఉంది. చదువుకుని ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఖాళీగా ఉంటారని ఆ ఆఫీసువాళ్ళకి ఎవరో చెప్పినట్టున్నారు, అలా చిన్నకోడలికి ఆ పని దొరికింది. ఒక్కో వాక్యాన్ని ఒక్కో అట్టముక్క మీద రాసి, అక్షరాల వరసలో పేర్చి పంపాలి. ‘అ’ నుంచి ‘న’ దాకా ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. పొయ్యి మీద కూర మాడినప్పుడల్లా ఒక మంచి వాక్యం తట్టేది కానీ, ఇంకా ‘మ’ రాలేదు కదా అని ఊరుకునేది.

ఇప్పుడు ‘ప’. పడడం, పట్టడం, పెట్టడం, పొగడడం, పోట్లాడడం, పోవడం. సంసారంలో జరిగేవి సగం ‘ప’లోనే ఉన్నాయని ఆవిడ లెక్క. “పడుకోవడం మర్చిపోయావు” అని శ్రీవారు తన వంతు సాయం చేశారు.

“అమ్మా, మీరు ఇదివరకు పంపినవి చూశాను” అన్నారు సంపాదకుడు ఫోన్లో. “భాష బాగుంది. కానీ ప్రతి వాక్యంలోనూ ఎవరో ఒకరు ఇంకొకర్ని ఏదో అంటున్నట్టుంటుంది.”

“వాడుక అంటే అదేనేమోనండీ.”

“వాడుకే. మరీ ఇంట్లో వాడేసిన వాడుకలా ఉంది. వాక్యంలో ఎవరిల్లూ కనపడకూడదమ్మా. ‘అతడు చెత్తను పారవేసెను.’ చూడండి, ఎంత శుభ్రంగా ఉందో.”

శుభ్రంగానే ఉంది. పారేయడానికి చెత్త కూడా దొరకనంత శుభ్రంగా ఉంది.

“వచ్చే సోమవారానికి ‘పారేయు’ పంపండి. ఈసారీ కుదరకపోతే ‘ప’ మొత్తం ఇంకెవరికైనా ఇస్తాం. వేరే ఉద్దేశం ఏమీ లేదు.”

వేరే ఉద్దేశం లేదని చెప్పేవాళ్ళకి ఎప్పుడూ ఒకే ఉద్దేశం ఉంటుంది. ఆవిడ ఫోన్ పెట్టేసి, అట్టముక్కలు తీద్దామని నడవలోకి వచ్చింది. అక్కడే చూసింది. బల్ల నడినెత్తిన, బొట్టంత ఎర్ర చుక్క.

చుక్కల సంగతి చెప్పాలంటే బావగారి సంగతి చెప్పాలి. బావగారు శ్రీవారికి అన్నగారు. ఒక పెద్ద గోడౌన్లో సరుకు చూసే అధికారిగా చేసి రిటైరయ్యారు. ఆ గోడౌన్లో చాలాకాలంగా కదలకుండా పడున్న సరుకుకి సోమవారం ఎర్ర చుక్క అంటించేవారట. ఈ సరుకు మాకు కావాలని ఎవరైనా వచ్చి చుక్క పీకితే అది బతికిపోయినట్టు. పీకకపోతే ఆదివారానికి బయటికి. సరుకు ఎవరిదో వాళ్ళు మాత్రం పీకకూడదు, ఎవరి సరుకు వాళ్ళకి ముద్దే కదా. ముప్ఫయ్యేళ్ళు అలా అంటించి అంటించి, చివరికి పూలదండతో పాటు చుక్కల చుట్ట ఒకటి జ్ఞాపకంగా తెచ్చుకున్నారు. పూలదండ ఎప్పుడో వాడిపోయింది. చుట్ట మాత్రం తరగడం లేదు.

“అమ్మని చూసుకుని రెండ్రోజులుండి వెళ్తాను” అని ఆయన సూట్‌కేసుతో దిగి చాలా నెలలయింది. అత్తగారు గట్టి మనిషి. ఆవిడే ఆయన్ని చూసుకుంటోంది. బాల్కనీ పక్కనున్న చిన్నగదిలో ఆయనకి పక్క వేశారు. అందులో ఉన్న చిన్నకోడలి బల్ల నడవలోకి, బాత్రూము తలుపు పక్కకి వచ్చింది. వచ్చిన కొత్తలో బావగారు ఊరికే కూర్చున్నారు. తర్వాత ఊరికే కూర్చుని చుట్టూ చూశారు. ఆ తర్వాత సూట్‌కేసులోంచి చుట్ట తీశారు.

ఇల్లు గోడౌన్ అంత పెద్దది కాదు కాబట్టి రూలు కొంచెం సవరించారు. ఇంట్లో మనిషికి వారానికి ఒకే ఒక చుక్క పీకే హక్కు. ఎవరి వస్తువుది వాళ్ళు పీకకూడదు. అంటించిన చెయ్యి పీకకూడదు. ఆదివారం పొద్దున వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చేసరికి చుక్క మిగిలినవన్నీ గేటు దగ్గరుండాలి. అలా ఇప్పటికే చెయ్యి విరిగిన కుర్చీ, పాటలు తప్ప మిగతా అన్ని రకాల మోతలూ వినిపించే ట్రాన్సిస్టరు, ఒక గొడుగు వెళ్ళిపోయాయి. గొడుగు వెళ్ళిన మర్నాడే వాన పడింది. “ఒక్క వాన లెక్కలోకి రాదు” అన్నారు బావగారు.

“బావగారూ, ఇది నా బల్ల” అంది చిన్నకోడలు.

“నీదని తెలుసమ్మా. అందుకే నీ మాట చెల్లదు.” ఆయన చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. “ఒక కాలు పొట్టి. సొరుగు తియ్యాలంటే బల్లని మోకాలితో అదిమిపట్టాలి. పైగా నడవలో అడ్డం. బాత్రూముకి వెళ్ళేటప్పుడు నా తొడకి ఎన్నిసార్లు తగిలిందో.”

మీరు గదిలోకి వచ్చాకే ఇది నడవలోకి వచ్చిందండీ. ఈ వాక్యం ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. ‘పారేయు’కి పనికిరాదు కాబట్టి అట్టముక్క మీదికీ రాలేదు.

“దీని మీదే నేను పని చేసుకునేది.”

“పని బల్లలో ఉండదమ్మా, మనిషిలో ఉంటుంది” అన్నారు బావగారు, మంచం మీద దిండుకి ఆనుకుంటూ.

ఆవిడ నిలబడి చిక్కు ఎక్కడుందో చూసుకుంది. తన హక్కు పొద్దున్నే అయిపోయింది. అత్తగారి దగ్గర డబ్బాల్లేని మూతలు, మూతల్లేని డబ్బాలు ఒక బస్తాడు ఉన్నాయి. బస్తా మీద చుక్క చూసి ఆవిడ కూరలు కూడా తరగకుండా కూర్చుంటే, జాలిపడి చిన్నకోడలే పీకేసింది. అత్తగారు తన హక్కుని చిన్నకొడుకు ఎక్కని సైకిలు మీద ఖర్చు పెట్టింది. “ఎక్కుతాడే ఎప్పుడో” అంది. ఇక మిగిలింది శ్రీవారు.

శ్రీవారికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఎవరికి దూరం కనపడదో ఎవరికి దగ్గర కనపడదో గుమ్మంలోకి వచ్చే తీరుని బట్టే చెప్పేస్తారని పేరు. ఇంట్లో ఆయనకి రెండూ కనపడవు.

“ఏమండీ, నా బల్ల మీద చుక్క చూశారా?”

“చూశా.”

“పీకుతారా?”

“పీకుతాలే. ఆదివారం ఇంకా ఎక్కడుంది?”

“ఇప్పుడే పీకితే ఏం?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏదైనా చూడదల్చుకోనప్పుడు ఆయన కళ్ళజోడు తుడుస్తారు. “అన్నయ్య అంటించిన చుక్కని అన్నయ్య ఎదురుగా పీకితే బాగుంటుందా? కాస్త వెనకాముందు చూసుకుని పీకుతా. నేను పీకననుకున్నావా ఏమిటి?”

“అనుకోలేదు. అడిగాను.”

“నీ అడగడం అనుకున్నట్టే ఉంటుంది.”

ఆవిడ వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. చుక్క పక్కనే అట్టముక్క పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. రాయాలే కానీ ఆ క్రియ ఇల్లంతా దొర్లుతోంది. *పనికిరానివన్నీ పారేస్తే ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో.* ఇది బావగారిది. *మళ్ళీ తాళాలెక్కడో పారేసుకొచ్చాడు.* అత్తగారిది, చిన్నకొడుకు గురించి. *అనవసరంగా అన్నయ్య దగ్గర నోరు పారేసుకోకు.* ఎవరిదో చెప్పక్కర్లేదు. *ఆ మాత్రం పనికి అరగంటా, నేనైతే క్షణంలో చేసిపారేద్దును.* ఇదీ బావగారిదే, ఏ పనీ చేయకముందు అన్నది. రాసినవన్నీ చదువుకుంటే సంపాదకుడి మాటే నిజమనిపించింది. ప్రతి ముక్కలోనూ ఎవరో ఒకరు ఇంకొకర్ని ఏదో అంటున్నారు. ఇంటి వాసన గుప్పుమంటోంది. ఆ ఇల్లు లేని వాక్యం ఒకటి రాద్దామని ఆవిడ చాలాసేపు ప్రయత్నించింది. *ఆమె బల్లను పారవేసెను* అని వచ్చింది. కొట్టేసింది.

వారం సగం గడిచింది. శ్రీవారు రోజూ బల్ల పక్కనుంచి దుకాణానికి వెళ్ళారు, బల్ల పక్కనుంచే తిరిగొచ్చారు. చుక్క చెక్కు చెదరలేదు.

గురువారం బావగారు సాయంత్రం నడకకి వెళ్ళగానే చిన్నకోడలికి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనేమీ కాదు. హాల్లో కిటికీ గట్టు మీదున్న చుట్టలోంచి ఒక చుక్క ఊడదీసి, చూపుడువేలి కొసకి అతికించుకుని, చిన్నగదిలోకి వెళ్ళింది. మంచం కింద సూట్‌కేసు. గోధుమరంగుది, రెండు వైపులా తాళాలు, తిన్నగా గోడకి ఆనించి ఉంది. నెలల తరబడి కదలని సరుకంటే ఈ ఇంట్లో అదొక్కటే. రూలు రూలే కదా అనుకుంటూ ఆవిడ వంగి దాన్ని ముందుకి లాగింది.

దాని మీద అప్పటికే ఒక చుక్క ఉంది.

ఆవిడ వేలి మీది చుక్కనీ, సూట్‌కేసు మీది చుక్కనీ మార్చి మార్చి చూసింది. తన మనసులోది ఎవరో ముందే చదివి అంటించి వెళ్ళినట్టుంది. సూట్‌కేసుని మళ్ళీ గోడకి ఆనించి, ఎక్కడ పెట్టాలో తెలియని వేలితో అత్తగారి గదిలోకి వెళ్ళింది.

అత్తగారు మంచం మీద మూతలు పరుచుకుని ఒక్కోదాన్నీ ఒక్కో డబ్బాకి పెట్టి చూస్తోంది. ఏదీ పట్టడం లేదు. పట్టదని ఆవిడకీ తెలుసు.

“అత్తయ్యా, బావగారి సూట్‌కేసు మీద చుక్క ఉంది.”

“ఉందా” అంది అత్తగారు, మూత తిప్పుతూ.

“మీరేనా?”

“నేనెందుకంటిస్తానే? కన్నతల్లిని.” మూత పక్కన పెట్టింది. “ఊడిపోతుందేమోనని చెంచాతో రుద్ది మరీ అంటించా.”

చిన్నకోడలు మంచం అంచున కూర్చుంది. వేలి మీది చుక్కని ఏం చెయ్యాలో తోచక ఒక డబ్బా అడుగున అతికించింది.

“వాడు మనుషులు చెబితే వినే రకం కాదు” అంది అత్తగారు. “చిన్నప్పటినుంచీ అంతే. తినరా అంటే తినడు. తినే వేళయిందని గడియారం చూపిస్తే తింటాడు. నేను ఇంటికెళ్ళరా అంటే, అమ్మ పొమ్మందని జన్మంతా చెప్పుకుంటాడు. చుక్క చెబితే వెళ్తాడు.”

“వెళ్ళాలన్నా అక్క రానిస్తుందా?”

అక్క అంటే పెద్దకోడలు, బావగారి భార్య. ఇంట్లోనే ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు. బావగారు ఆవిడ పేరెత్తరు కాబట్టి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన అమ్మని చూసుకోవడానికి వచ్చారన్న మాటని అందరూ కలిసి, పగిలిన కప్పుని జాగ్రత్తగా వాడినట్టు, వాడుకుంటూ వస్తున్నారు.

“అది నువ్వే అడుగు” అంది అత్తగారు. “నేనడిగితే అత్త అడిగినట్టుంటుంది.”

చిన్నకోడలు వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషను టకటకలాడుతోంది.

“అక్కా, బావగారి సూట్‌కేసుకి చుక్క పడింది.”

మిషను ఆగింది. “ఎవరంటించారే?”

“చెప్పకూడదేమో.”

“అత్తయ్యేనా?”

పెద్దకోడలు ముక్కుతో నవ్వింది.

“ఆయన్ని నేను పొమ్మనలేదే చెల్లీ. అందరూ అలా అనుకుంటున్నారు. ఇన్నేళ్ళుగా కోసి దాచుకున్న కాగితం కటింగులు, ఎవరి భుజం ఎంత, ఎవరి నడుం ఎంత, అన్నీ ఒక బీరువాలో ఉండేవి. వాటికి చుక్క పెట్టారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. అంటించింది ఆయన, వస్తువు నాది. ఇక పీకేదెవరు? నేను పెళ్ళికెళ్ళొచ్చేసరికి బీరువా ఖాళీ. కటింగులు ఎక్కడికి పోయాయో అక్కడికెళ్ళి పట్టుకురండి అన్నాను, అంతే. సూట్‌కేసు సర్దుకుని మీ ఇంటికొచ్చారు.”

“మా ఇంట్లో లేవక్కా కటింగులు.”

“తెలుసులే.” మళ్ళీ మిషను టకటక మొదలైంది. “బండి ఆదివారం ఎప్పుడొస్తుంది?”

“పొద్దున్నే.”

“చూద్దాం. నాకు బోలెడు కుట్లున్నాయి.”

శుక్రవారం కాఫీ దగ్గర బావగారు గ్లాసు కింద పెట్టి, “నా సూట్‌కేసుకి ఎవరో చుక్క అంటించారు” అన్నారు.

అత్తగారు కాఫీ ఊదుకుంది. శ్రీవారు కళ్ళజోడు తీశారు. చిన్నకోడలు అప్పటికే కరిగిపోయిన పంచదారని కలుపుతూ కూర్చుంది.

“ఎవరని అడగను. గోడౌన్లోనూ అడిగేవాళ్ళం కాదు. చుక్క అంటించేవాళ్ళకి ఒక కారణం ఉంటుంది.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. “ఎవరు పీకుతారన్నదే చూడాలి.”

పీకే హక్కు ఇంట్లో ఒక్కరికే మిగిలుందని అందరికీ తెలుసు. ఆ ఒక్కరు కళ్ళజోడుని అద్దం అరిగిపోయేలా తుడుస్తున్నారు.

ఆరోజునుంచీ బావగారు మారిపోయారు. వద్దన్నా వినకుండా బఠాణీలు ఒలిచారు. కారుతున్న కుళాయి బిగించారు. తల్లిని “నడకకి తీసుకెళ్ళనా అమ్మా” అని అడిగారు. “ఇన్నాళ్ళకి నాకు కాళ్ళున్నాయని గుర్తొచ్చిందా” అని ఆవిడ వెళ్ళలేదు. కదలని సరుకు కాదని చూపించుకోవడానికి ఆయన ఇల్లంతా కదిలారు. చిన్నకోడలికి నవ్వొచ్చింది. కాసేపయ్యాక రాలేదు.

శనివారం ఆవిడ కూరలు తెచ్చుకుని వచ్చేసరికి బావగారు నడవలో నేల మీద కూర్చుని, బల్లని పక్కకి వాల్చి, పొట్టికాలికి చెక్కముక్క దిగ్గొడుతున్నారు. నోట్లో రెండు మేకులున్నాయి. బల్ల మీద చుక్క అలాగే ఉంది.

“పారేసే బల్లకి కాలెందుకండీ బావగారూ?”

ఆయన మేకులు తీసి చేతిలో పెట్టుకున్నారు. “రేపటిదాకా రాసుకుంటావు కదమ్మా. ఊగుతుంటే అక్షరం చెడుతుంది.” బల్లని నిలబెట్టి అరచేత్తో నొక్కి చూశారు. ఊగలేదు. “చుక్క మాత్రం నేను పీకడానికి లేదు. అంటించిన చెయ్యి.”

“తెలుసండీ.”

ఇలాంటి మనిషిని తిట్టిపారేయడం ఎంత కష్టమో సంపాదకుడికి ఒక వాక్యంలో ఎలా చెప్పాలి? ఆవిడ బల్ల దగ్గర కూర్చుని అట్టముక్క తీసుకుంది. చెయ్యి కదల్లేదు. బల్ల కూడా కదల్లేదు, అదే విచిత్రం.

సాయంత్రం శ్రీవారు బట్టలు ఆరేసిన బాల్కనీలోకి వచ్చి, ఆరని తువ్వాలు వెనక నిలబడ్డారు.

“నన్ను బాగా ఇరికించావు” అన్నారు.

“నేనేం చేశాను?”

“నాకున్నది ఒక్క చుక్క పీకే హక్కు. అటు అన్నయ్య, ఇటు నువ్వు. నువ్వే అంటించావు కదూ?”

“లేదండీ. అంటిద్దామనే వెళ్ళాను. అప్పటికే ఉంది.”

నిజం అప్పుడప్పుడూ ఇలాంటి మొహం పెట్టుకుని వస్తుంది, ఎవరూ నమ్మరు. శ్రీవారు నమ్మలేదు.

“రేపు పొద్దున్నే నా బల్ల గేటు బయట ఉంటే నా ‘ప’ పోతుంది” అందావిడ, తువ్వాలు దండెం మీద సరిచేస్తూ. “అట్టముక్కలన్నీ దాని సొరుగుల్లో వరసగా ఉన్నాయి. వంటింటి గట్టు మీద రాసుకుంటే చారు పడుతుంది. సూట్‌కేసు బయట ఉంటే మీ అన్నయ్య పరువు పోతుంది. ఏది పీకుతారో మీ ఇష్టం.”

“మీ ఇష్టం అంటే భయంగా ఉంటుంది నాకు.”

“ఉండాలి” అందావిడ.

ఆదివారం పొద్దున ఆవిడ లేచేసరికి బల్ల మీద చుక్క లేదు. చుక్క ఉన్నచోట జిగురు మరక గుండ్రంగా మిగిలుంది. శ్రీవారు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. బొటనవేలి గోరు కింద ఎర్రగా చిన్న ముక్క ఉంది.

“రక్తమా?” అని అడిగిందావిడ.

“కాదులే” అన్నారు అద్దంలోకే చూస్తూ. “అన్నయ్య మొహం ఇవాళ నేను చూడలేను. టిఫిను బయట తింటా.”

ఆయన బయటికి వెళ్ళేలోపే చిన్నగది తలుపు తెరుచుకుంది. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సూట్‌కేసు పట్టుకుని వచ్చారు. నడవలో ఆగి బల్లని చూశారు. చుక్క లేని బల్లని. తలూపారు, సరైన సరుకే నిలిచిందన్నట్టు.

“అన్నయ్యా” అన్నారు శ్రీవారు.

“నువ్వేం తప్పు చెయ్యలేదురా. రూలు ప్రకారమే చేశావు.” ఆయన చెప్పులేసుకుని మెట్లు దిగారు. తల్లి గది కిటికీ కింద సూట్‌కేసుని గేటుకి ఆనించి, దాని పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

అత్తగారు కిటికీలోంచి చూస్తోంది. చేతిలో ఒక మూత. చిన్నకోడలు గేటు దాకా వచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి, కానీ ఆవిడ హక్కు మూతల బస్తాతో పాటు అయిపోయింది. బల్లకి గండం గడిచినందుకు సంతోషించాల్సిన వేళ, ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెట్ల మధ్యలో శ్రీవారు పైకీ రాకుండా కిందికీ దిగకుండా ఆగిపోయారు.

పాత సామాన్ల బండి వచ్చింది. బండతను సూట్‌కేసు ఎత్తి బరువు చూశాడు.

“ఇది కూడానా?”

“చుక్క ఉందిగా” అన్నారు బావగారు.

“లోపలేమున్నాయి?”

“నా బట్టలు.”

అతను సూట్‌కేసుని కింద పెట్టి, మిగతావాళ్ళ మొహాలు చూశాడు. ఇలాంటి ఇళ్ళు అతను చాలా చూసుంటాడు. “నాకేం తొందర లేదు” అని చక్రానికి ఆనుకుని బీడీ తీశాడు.

అప్పుడే వీధి మలుపులోంచి పెద్దకోడలు నడిచొచ్చింది. బస్సు దిగి గబగబా వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా సూట్‌కేసు దగ్గరికొచ్చి ఆగింది.

“ఎవరిదిది?”

“నాదే” అన్నారు బావగారు.

“అయితే మీ మాట చెల్లదు.” పైకి చూసింది. “అత్తయ్యా, ఈ ఇంట్లో మనిషికి వారానికి ఒకటి కదా. నేను ఈ ఇంటి మనిషినేనా?”

“పెద్దకోడలివి” అంది అత్తగారు కిటికీలోంచి. “నిన్నెవరు తీసేశారు?”

పెద్దకోడలు వంగి గోటితో చుక్క గీకింది. రాలేదు. చెంచాతో రుద్దినది ఊరికే వస్తుందా? బ్లౌజుకి గుచ్చుకున్న పిన్నీసు తీసి, కొసతో అంచు లేపి, మెల్లగా ఊడదీసింది.

“కటింగులు తెచ్చారా?” అంది, చుక్క వేలి మీద ఉంచుకుని.

“లేదు.”

“తేలేరు. ఎప్పుడో ఏ పొట్లాలకో వాడేసుంటారు. అందుకని ఇంటింటికీ వెళ్ళి అందరి కొలతలూ మళ్ళీ తీసుకోవాలి. కొలిచేది నేను. రాసేదీ, మోసేదీ మీరు. ఎవరైనా తిడితే పడేదీ మీరే.”

“సరే” అన్నారు బావగారు. ఆ ఇంట్లో ఆయన అన్న అతి చిన్న మాట అదే.

“ఆ చుట్ట ఏది?”

బావగారు జేబులోంచి చుక్కల చుట్ట తీశారు. పెద్దకోడలు సూట్‌కేసు చుక్కని ఆ చుట్ట మీదే అంటించి, బండతని చేతిలో పెట్టింది. ఎవరైనా పీకుతారేమోనని అందరి వంకా ఒకసారి చూసింది. బావగారి చెయ్యి ఒక్కసారి కదిలి, వెనక్కి వెళ్ళి రెండో చేతిని పట్టుకుంది.

“దీన్నేం చేసుకోనమ్మా?” అన్నాడు బండతను.

“ఏదో ఒకటి చెయ్యి బాబూ. మావల్ల కాలేదు.”

వాళ్ళిద్దరూ కాఫీ తాగి, తొమ్మిదింటి బస్సుకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ పెద్దకోడలు అత్తగారి మూతల్లోంచి ఒకటి తీసుకుని, తన ఇంట్లో ఒక డబ్బాకి పట్టేలా ఉందంది. అత్తగారు రోజంతా ఆ మాటే చెప్పుకుంది. చూశారా, నేను చెప్పలేదూ, అని. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. శ్రీవారు బల్లని ఒక్కరే మోసుకెళ్ళి చిన్నగదిలో కిటికీ కింద పెట్టారు. ఒకసారి గోడకి తగిలి సున్నం రాలింది.

సోమవారం అట్టముక్కలు పంపేముందు ఆవిడ అన్నీ ఒకసారి చదువుకుంది. ఇంటి వాసన పోగొట్టడానికి ఏ వాక్యాన్నీ ఉతకలేదు. నోరు పారేసుకోవడం, తాళాలు పారేసుకోవడం, తిట్టిపారేయడం, తీసిపారేయడం, అన్నీ ఎలా ఉన్నవి అలాగే కట్ట కట్టింది. చివర ఒక ముక్క కలిపింది. *ఇది మాది అని ఎవరైనా వచ్చేదాకా దేన్నీ పారేయకండి.*

మర్నాడు సంపాదకుడు ఫోన్ చేశారు.

“చదివానమ్మా. మా ఆఫీసులో నలుగురం చదివాం. మా ప్రూఫులు చూసే ఆయన, నోరు పారేసుకోవడం దగ్గర ఎందుకో చాలాసేపు కూర్చుండిపోయాడు. సరే, ‘ప’ మీ దగ్గరే ఉండనివ్వండి.”

“సంతోషమండీ.”

“కానీ ఆ చివరి వాక్యం. అందులో ఎవరో ఉన్నట్టున్నారే?”

చిన్నకోడలు గది చుట్టూ చూసింది. మంచం ఖాళీగా ఉంది. దాని కింద సూట్‌కేసు ఉన్నచోట, దుమ్ము పట్టని నేల నలుచదరంగా మెరుస్తోంది.

“ఎవరూ లేరండీ” అంది. “వెళ్ళిపోయారు.”

ఫోన్ పెట్టేసి ‘పెంచు’ రాద్దామని సొరుగు లాగింది. రాలేదు. మోకాలితో బల్లని అదిమిపట్టి మళ్ళీ లాగింది. కాలు బాగుచేసిన మనిషి సొరుగు సంగతి మర్చిపోయినట్టున్నారు.